మహిళా విభాగం వార్షిక నివేదిక, 2024-25: రొమ్ము క్యాన్సర్ మీద మనం చేసిన పని

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో అందరూ ఒప్పుకున్నట్టే మహిళా విభాగం ఈ ఏడాది రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసింది. ముగ్గుల పోటీ, వేసవి క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పత్రం ఈ నివేదికతో పాటు పంపుతున్నాం.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక మాట. మన దేశంలో 2022లో దాదాపు 1,92,000 మంది ఆడవాళ్లకు ఈ జబ్బు కొత్తగా బయటపడిందనీ, సుమారు 98,000 మంది దీనితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. చికిత్స లేక కాదు, ఆలస్యంగా వెళ్లడం వల్ల పోతున్న ప్రాణాలు ఇందులో చాలా ఉన్నాయి. గడ్డ చేతికి తగిలాక కూడా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి నెలలు పడుతోంది. "నొప్పేం లేదు కదా అక్కా" అన్న మాట ఈ ఏడాది ఇంటింటా విన్నాం. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. అందుకే ఈ ఏడాది మా ప్రచారమంతా ఆ ఒక్క మాట మీదే సాగింది.

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల కాబట్టి గులాబీ టీషర్టులు వేసుకుని నడుద్దామని కొందరన్నారు. మన బతుకమ్మ కూడా అప్పుడే వచ్చింది కాబట్టి టీషర్టుల డబ్బు మిగిల్చి, ఆట అయ్యాక అక్కడే కూర్చుని మాట్లాడుకుందామని కమిటీ నిర్ణయించింది. పక్క బస్తీ నుంచి వచ్చిన వాళ్లు, వాచ్‌మన్ల ఇళ్ల ఆడవాళ్లు మన అపార్ట్‌మెంట్ల వాళ్లకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. నల్ల బ్రా వేసుకుంటే వస్తుందా? రాదు. సూది గుచ్చి ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందా? పాకదు, ఆ ముక్క తీస్తేనే జబ్బేమిటో తెలుస్తుంది. పిల్లలకు పాలిచ్చాను, నాకెందుకొస్తుంది? పాలివ్వడం వల్ల ముప్పు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మా వంశంలో ఎవరికీ లేదు కదా? వంశపారంపర్య జన్యువుల వల్ల వచ్చేవి పదింట ఒకటి కంటే ఎక్కువ ఉండవు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదని కూడా ప్రతిసారీ చెప్పాం. భయపెడితే జనం పరీక్షకు రారు, దాక్కుంటారు.

మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) బస్సు తెప్పించాలన్న సూచన మీద చాలాసేపు చర్చ జరిగింది. ముంబైలో టాటా మెమోరియల్ హాస్పిటల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం చేశారు. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. 50 ఏళ్లు దాటిన వాళ్లలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాల విషయంలో ఆ తేడా కనిపించలేదు. మనలాంటి చిన్న సంఘానికి ఈ దారే సరైనదని మా అభిప్రాయం. అందుకే బస్సు బదులు, శిక్షణ ఉన్న నర్సులతో కమ్యూనిటీ హాల్లో శిబిరాలు పెట్టించాం. అనుమానం ఉన్నవాళ్లను మామోగ్రామ్‌కో, వయసు తక్కువైతే అల్ట్రాసౌండ్‌కో పంపాం.

ఇక నిధుల సంగతి. దసరాకు పెట్టిన చీరల అమ్మకం, సంక్రాంతికి అందరం కలిసి వండిన అరిసెలు, సకినాలు, పుట్టినరోజు పార్టీ మానుకుని కొన్ని కుటుంబాలిచ్చిన విరాళాలు కలిపి మన నిధి తయారైంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలైంది కదా, ఇంకా డబ్బెందుకని ఒక సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. జబ్బు ఖాయమయ్యేదాకా చేసే స్కాన్లకు, బయాప్సీకి (ముక్క తీసి చేసే పరీక్షకు) చాలామంది చేతి డబ్బే పెట్టుకుంటున్నారు. ఆ తర్వాత అద్దె గది, ఆటో చార్జీలు, తోడుగా వచ్చినవాళ్లు పోగొట్టుకునే కూలి ఉంటాయి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు కీమో (క్యాన్సర్ మందుల చికిత్స) మధ్యలో ఆగిపోయేది ఈ ఖర్చుల దగ్గరే. మన డబ్బులో ఎక్కువ భాగం ఈ ఖర్చులకే వెళ్లింది. చికిత్సకు రైల్లో వచ్చే క్యాన్సర్ పేషెంట్లకు స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్లలో పూర్తి రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ చూపాలి. ఈ విషయం తెలియని కుటుంబాలకు ఫారాలు నింపిపెట్టాం.

జబ్బుతో బతుకుతున్న మన సభ్యురాళ్లు నెలకోసారి కలుసుకున్నారు. ఈ నివేదికలో ఏం రాయాలో వాళ్లనే అడిగాం. అందరూ మొదట చెప్పింది పరామర్శల గురించి. వచ్చి ఏడవకండి, ఫలానా ఆవిడ ఇదే జబ్బుతో పోయిందని చెప్పకండి అన్నారు. కీమో ఇచ్చాక వారం, రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. జలుబున్నవాళ్లు ఆ రోజుల్లో వెళ్లకూడదు. పేషెంటుకు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ అర్ధరాత్రి కారు తీయడానికి పేర్లిచ్చిన సభ్యులకు ప్రత్యేక ధన్యవాదాలు. నోరు పూసి కారం తినలేని వాళ్లకు మెత్తటి పెరుగన్నం, పప్పుకట్టు వండి పంపిన ఇళ్లకు కూడా.

ఆపరేషన్, రేడియేషన్ అయిపోగానే జబ్బు తీరిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కానీ హార్మోన్లతో పెరిగే రకమైతే, వాటిని అడ్డుకునే మాత్రలు కనీసం ఐదేళ్లు, కొందరు పదేళ్లు వేసుకోవాలి. వాటితో ఒళ్లు ఆవిర్లు, కీళ్లనొప్పులు వస్తుంటాయి. హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకమైతే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇంజెక్షన్లు ఏడాదిపాటు పడుతుంటాయి. మన దేశంలోనే తయారైన రకాలు 2014 నుంచి వస్తున్నాయి కాబట్టి వాటి ధర కొంత అందుబాటుకు వచ్చింది. చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఎన్నేళ్లకైనా ఉంటుంది. ఆ చేతికి కాలినా, తెగినా నిర్లక్ష్యం పనికిరాదు. బిందెలెత్తే పని, బట్టలుతికే పని చేసేవాళ్లకు ఇది చాలా కష్టం. అందుకే వాపును అదిమిపెట్టే బిగుతు చేతి తొడుగులు కొని ఇవ్వడం, ఫిజియోథెరపిస్టుతో వ్యాయామాలు నేర్పించడం మొదలుపెట్టాం.

జబ్బు వేరే అవయవాలకు పాకిన నాలుగో దశలో ఉన్న మన సభ్యురాలు ఒకరు మందులు వాడుతూనే పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు. "గెలిచావని పొగడొద్దు, పాపమనీ అనొద్దు. స్కాన్ రోజున ఒకరు పక్కన కూర్చుంటే చాలు" అన్నారామె. స్కాన్ ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదట. ఆ రోజులకు తోడు వెళ్లేవాళ్ల పట్టిక తయారుచేశాం.

వచ్చే ఏడాది బస్తీలో శిబిరాలు ఆదివారాలు పెట్టాలనుకుంటున్నాం, ఎందుకంటే పనికి వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లో రాలేకపోయారు. మగవాళ్లకు కూడా ఈ జబ్బు అరుదుగా వస్తుంది కాబట్టి, ఒక సమావేశం వాళ్లతోనూ పెడతాం. ఆసుపత్రి దగ్గర్లో అద్దె గది తీసుకునే ప్రతిపాదనకు సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం. పగటిపూట తోడు వెళ్లగల రిటైరైన సభ్యులు ఇంకా కావాలి. మీ పేరు, వీలైన రోజులు సంఘం ఆఫీసులోని రిజిస్టర్‌లో రాయండి.

కార్యదర్శి, మహిళా విభాగం