పంచవాద్యం వేరు, చెండమేళం వేరు

సంపాదకులకు,

కేరళలో జరిగే త్రిస్సూర్ పూరం ఆలయ ఉత్సవం వార్తల్లో ఏ వాద్యమైనా ‘పంచవాద్యం’ అయిపోతోంది. నిజానికి పంచవాద్యంలో, కర్రలతో వాయించే చెండ అనే డోలే ఉండదు. తిమిల, మద్దళం, ఇడక్క (ఈ మూడూ డోలు రకాలు), ఇలత్తాళం (లోహపు తాళాలు), కొంబు (కొమ్ము బూర): ఇవే ఆ ఐదు. పూరంలో పోటీపడే రెండు ఆలయ వర్గాల్లో ఒకటైన తిరువంబాడి వర్గం ‘మఠత్తిల్ వరవు’ ఊరేగింపులో వినిపించేది ఇదే. వడక్కున్నాథన్ ఆలయ ప్రాంగణంలో రెండోదైన పారమెక్కావు వర్గం వాయించే ఇలంజిత్తర మేళం పూర్తిగా వేరు. అది పాండిమేళం, అంటే చెండమేళంలో ఒక రకం. చెండలు, కుళల్ (సన్నాయి లాంటిది), కొంబు, ఇలత్తాళాలతో సుమారు 250 మంది రెండు గంటలకు పైగా వాయిస్తారు. నిదానంగా మొదలై, ఆవృత్తం (తాళం ఒక చుట్టు) కుదించుకుంటూ చివరికి 7 అక్షరాలకు (తాళపు లెక్కలకు) చేరుతుంది. టీవీల్లో ఆ చివరి ఐదు నిమిషాలే చూపిస్తారు, అదీ వ్యాఖ్యాత మాటల కింద!

సాయంత్రం కుడమాట్టంలో, అంటే ఏనుగులపై రంగురంగుల గొడుగులు మార్చే పోటీలో, వర్గానికి 15 చొప్పున ఏనుగులు ఎదురెదురుగా నిలుస్తాయి. మదం ఎక్కినదాన్ని తేవకూడదు. కణత దగ్గర ద్రవం కారుతుందేమో ముందే చూడాలి.

ఇక ఉత్సవాల్లో కాల్చే బాణసంచాతో అసలు ప్రమాదం నిల్వ దగ్గరే. 2016 ఏప్రిల్ 10న కొల్లం జిల్లా పుట్టింగల్ ఆలయంలో నిప్పు నిల్వగదికి అంటుకుని వందమందికి పైగా చనిపోయారు. కాల్చే చోటికి నిల్వ ఎంత దూరంలో ఉందో మన జాతర్ల వార్తల్లోనూ రాయండి.

– ఒక పాఠకుడు, చిత్తూరు