మన సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీలు, వేసవిలో నీళ్ల ట్యాంకర్ల ఏర్పాటు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మన ఆడపిల్లల సాఫ్ట్‌బాల్‌కే (బేస్‌బాల్ లాంటి ఆట) ఇస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన వాటిలో నాకు బాగా తృప్తినిచ్చిన పని అదే.

తాతయ్యగుంట గంగమ్మ జాతర సందడి తగ్గాక ఒక ఆదివారం సాయంత్రం, మన కాలనీలోనే ఉండే పీడీ మేడమ్ పిల్లలకు అమెరికా సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి లిసా ఫెర్నాండెజ్ గురించి చెప్పారు. మేడమ్ ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడినవారు. పెద్దవాళ్లు కూడా కదలకుండా విన్నారు.

లిసా 1971లో కాలిఫోర్నియాలో పుట్టింది. తండ్రిది క్యూబా, తల్లిది పోర్టోరికో. ఎనిమిదేళ్ల వయసులో పిచర్‌గా, అంటే బ్యాటర్‌కు బంతి వేసే మనిషిగా ఆడిన మొదటి మ్యాచ్‌లో 20 మంది బ్యాటర్లకు బంతి తగిలించింది, ఇంకో 20 మందిని వాక్‌తో (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్) పంపింది. జట్టు 28-0తో ఓడిపోయింది. ఈ మాట విన్నాక మన పిల్లల్లో ఒకమ్మాయి ముఖం ఎంత వెలిగిందో! అంతకుముందు వారం తను వేసిన బంతులన్నీ పక్కకే పోయాయి మరి. కొన్నేళ్లకు ఒక కోచ్ లిసాతో, నీ చేతులు పొడవు చాలవు, పిచర్‌గా పైకి రాలేవు అన్నాడట. తల్లి ఆ మాట పట్టించుకోనివ్వలేదు. ఆ అమ్మాయే లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి ఆడి 93 మ్యాచ్‌లు గెలిపించింది, ఓడినవి ఏడే. 1990లో, 1992లో జట్టు జాతీయ చాంపియన్ అయింది.

1996లో సాఫ్ట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద లిసా వరసగా 29 మందిని అవుట్ చేసి, పదో ఇన్నింగ్స్‌లో ఒక్క హోమ్ రన్‌తో 2-1 తేడాతో ఓడింది. అయినా ఆ ఏడు స్వర్ణం అమెరికాదే. 2000లో సిడ్నీలో మళ్లీ ఆస్ట్రేలియా మీదే 25 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) చేసింది, మళ్లీ 2-1తోనే ఓడింది. అది అమెరికాకు వరసగా మూడో ఓటమి. అప్పుడు జట్టంతా యూనిఫాంతోనే షవర్ కిందికి వెళ్లి తడిసి వచ్చారట, అచ్చం మనం దిష్టి తీయించుకున్నట్టు. ఆ తర్వాత ఒక్కటీ ఓడలేదు, ఫైనల్లో జపాన్‌ని గెలిచారు. 2004 ఏథెన్స్‌లో టోర్నమెంటు మొత్తంలో అమెరికా 51 పరుగులు చేసి, ఇచ్చింది ఒక్క పరుగే. అలా మూడు స్వర్ణాలు.

మేడమ్ ఎక్కువసేపు చెప్పింది మాత్రం ఆ తర్వాతి సంగతి. లిసా తిరిగి తన యూసీఎల్‌ఏకే వెళ్లి, అక్కడే అసిస్టెంట్ కోచ్‌గా పిల్లలకు పిచింగ్ నేర్పింది. ఆ జట్టు 2019లో కూడా జాతీయ చాంపియన్ అయింది. తను వేసుకున్న 16వ నంబరు జెర్సీని ఆ యూనివర్సిటీ ఇంకెవరికీ ఇవ్వదు. ఆమె మాత్రం రోజూ అదే గ్రౌండ్‌లో కొత్త పిల్లల ముందు నిలబడింది.

మన దగ్గర లేనిది ఇదేనని నా గట్టి నమ్మకం. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి, తారకరామ స్టేడియం ఉంది, ఆడి రాణించిన అమ్మాయిలూ ఉన్నారు. డిగ్రీ అవగానే పెళ్లి, ఉద్యోగం, అంతే. బంతి మళ్లీ ముట్టుకోరు. వాళ్లకు తెలిసిన విద్య చిన్నపిల్లలకు అందకుండానే పోతోంది. ఆరోజు మీటింగ్ అయ్యాక ఇద్దరు తల్లులు, తామూ కాలేజీలో ఆడామని మెల్లగా చెప్పారు. ఇప్పుడు ఆ ఇద్దరూ వారానికి రెండు సాయంత్రాలు మేడమ్‌తో పాటు నేర్పిస్తున్నారు. పిచర్ బంతి వేసే దూరం, 43 అడుగులు, టేపుతో కొలిచి సున్నంతో గీత గీసుకున్నారు. పిల్లలు కింది నుంచి చెయ్యి తిప్పి బంతి వేయడం మొదలుపెట్టారు. చదువు పాడవుతుందేమోనని కొందరు తల్లిదండ్రులకు టెన్షన్ ఉంది. వాళ్లు ఒక సాయంత్రం వచ్చి చూడాలని కోరుతున్నాం.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది. ఆ మ్యాచ్‌లు పిల్లలంతా కలిసి కమ్యూనిటీ హాల్లో చూడాలన్నది కమిటీ ఆలోచన. వచ్చే ఏడాదికి మూడు అవసరాలు సభ్యుల ముందు పెడుతున్నాం: క్యాచర్‌కు (బ్యాటర్ వెనక బంతి పట్టే అమ్మాయికి) మాస్కు, ఛాతీ ప్యాడ్; ఆమె వెనక కట్టడానికి వల; పక్కింటి కిటికీల వైపు ఇనుప జాలీ. మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ ఒకప్పుడు సాఫ్ట్‌బాల్ ఆడిన మహిళలుంటే మేడమ్‌కు చెప్పండి.

– కార్యదర్శి, తిరుపతి