కెమెరా సంగతి మాత్రమే

కొర్లగుంట, తిరుపతి

చి. హేమకు నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అవ్వ మోకాలు ఎప్పటిలాగే ఉంది. నీకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది, లేదంటే 'మీటింగ్‌లో ఉన్నా నాన్నా' అని మెసేజి వస్తుంది. ఉత్తరానికి మీటింగులు అడ్డం రావు కదా అని కూర్చుని రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడే చదువు, కంగారేం లేదు.

పెద్ద విషయం కూడా ఏం లేదు. నువ్వు కెమెరా మారుస్తున్నావని మొన్న కాళాస్తి చిన్నమ్మ చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది. రెండు లక్షల కెమెరాకు లోను పెట్టావని, ఉద్యోగం మానేసి పెళ్లిళ్ల ఫోటోలకు తిరగబోతున్నావని. చిన్నమ్మ పావలా వింటే రూపాయి చెబుతుంది, నీకు తెలియనిదా! నేను నమ్మలేదు. నమ్మలేదని మీ అమ్మకూ చెప్పాను. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, అది వేరే సంగతి. కాబట్టి ఆ మాట పక్కన పెట్టి కెమెరా గురించే రాస్తాను. ఇన్నేళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఆ మాత్రం చెప్పొచ్చు అనుకుంటాను.

మార్చడం తప్పని నేను అనను. నీ దగ్గరున్న నికాన్ డీ3100 వచ్చింది 2010లో. పగటి వెలుతురులో ఇప్పటికీ బంగారమే, కానీ పోయిన గంగమ్మ జాతరకు రాత్రి పూట నువ్వు తీసినవన్నీ నాయిస్‌తో ఇసుక చల్లినట్టు వచ్చాయి. మిర్రర్‌లెస్‌కు మారాలనుకోవడం కూడా సబబే. అవి లోపల అద్దం లేని కెమెరాలు. వాటిలో మొదటిది, పానాసోనిక్ జీ1, వచ్చింది 2008లో. అప్పటి నుంచి కంపెనీలు ఏడాదికో మోడల్ దించుతూనే ఉన్నాయి, జనం కొత్తది కొని పాతది అమ్ముతూనే ఉన్నారు. అందువల్ల సెకండ్ హ్యాండ్‌లో మంచి సరుకు ఉంది. కొత్తదే కావాలని పట్టుబట్టాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు. నువ్వు పట్టుబట్టావని కాదు. చిన్నమ్మ అంది.

సోనీ ఏ6000 చూడు. 2014 నాటిది. 24 మెగాపిక్సెళ్లు, సెకనుకు 11 ఫోటోలు. మెగాపిక్సెళ్లంటే మీ వాళ్లు ఏవేవో మాట్లాడతారు గానీ, మాకు ప్రింటు లెక్కే లెక్క. 6000 చుక్కలు వెడల్పు, 4000 చుక్కలు ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే 20 అంగుళాలకు 13 అంగుళాల ప్రింటు పదునుగా వస్తుంది. మన హాల్లో తాతయ్య ఫోటో కూడా అంత లేదు. ఇంతకన్నా పెద్దది నువ్వు ఎవరింట్లో వేలాడదీస్తావు?

లోపాలూ ఉన్నాయి. చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ బాడీలో లేదు, లెన్సులో ఉండాలి. టచ్ స్క్రీన్ లేదు. మైకు పెట్టుకునే రంధ్రం లేదు, 4కే వీడియో లేదు. ఆ రెండూ కావాలంటే 2016లో వచ్చిన ఏ6300 తీసుకోవాలి. బ్యాటరీ చిన్నది, జాతర రోజు మధ్యాహ్నానికే అయిపోతుంది, ఇంకో రెండు కొని జేబులో పెట్టుకో. పేరు లేని బ్యాటరీలు కొనకు, ఉబ్బితే లోపలే ఇరుక్కుంటాయి.

ఫ్యూజీ ఎక్స్-టీ20 ఉంది, 2017ది. పైన షట్టర్ స్పీడుకు గుండ్రటి డయల్ ఉంటుంది. చేత్తో తిప్పితే నా పాత నికాన్ ఫిల్ము కెమెరా ఎఫ్ఎం2 గుర్తొచ్చింది. నాకే కొనుక్కోవాలంటే అదే కొంటాను. అయితే ఫ్యూజీ పాతబడినా రేటు అంత తేలిగ్గా దిగదు. ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 2 (2015) అయితే బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటుంది, లెన్సులు అరచేతిలో ఇమిడిపోతాయి, బ్యాగు మోసి నీకు నడుము నొప్పి రాదు. 16 మెగాపిక్సెళ్లే, సెన్సర్ కూడా కాస్త చిన్నది, చీకట్లో సోనీ అంత రాదు. ఆ కంపెనీ కెమెరాల వ్యాపారాన్ని 2021లో అమ్మేసింది, ఇప్పుడు ఓఎం సిస్టమ్ అనే పేరుతో వస్తున్నాయి. రిపేరు ఎక్కడ చేస్తారో ముందే కనుక్కో.

కెనాన్ ఎం50 చవగ్గా వస్తోందని నీ ఫ్రెండ్ చెబుతుందేమో. చెప్పనీ. మంచి కెమెరానే, కానీ దాని లెన్సుల వరసను కెనాన్ ఆపేసింది. ఇప్పుడొచ్చే ఆర్ఎఫ్ లెన్సులు దానికి పట్టవు. పుట్టింటివాళ్లు తలుపు మూసేసిన పిల్ల అది, ఎంత గుణవంతురాలైనా పండగకు ఎక్కడికి పోతుంది?

ఫుల్ ఫ్రేమే, అంటే పాత ఫిల్మంత పెద్ద సెన్సరే కావాలంటావా, 2014 చివర్లో వచ్చిన సోనీ ఏ7-2 కూడా ఇప్పుడు బాగానే దిగింది. బాడీ వరకు చవకే. లెన్సుల దగ్గర తెలుస్తుంది. అక్కడే లోను మొదలవుతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అని పెద్ద అక్షరాలతో రాస్తారు, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ చిన్న అక్షరాలతో రాస్తారు. నెల నెలా జీతం పడినంత కాలం అది కనబడదు. ఇంతకీ జీతం పడుతోంది కదా? ఒకటో తారీఖుకే పడుతుందా, ఆలస్యం చేస్తున్నారా? మన సుబ్బు వాళ్ల ఆఫీసులో ఆలస్యం చేస్తున్నారట, అందుకని అడిగాను.

లెక్చర్ ఇవ్వనని అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను. అందుకని లోకేశు కథ చెబుతాను.

లోకేశు అంటే నువ్వెళ్లేటప్పుడు పదో తరగతిలో ఉన్న లోకేశే. ఇప్పుడు గడ్డం పెంచాడు. చెన్నైలో ఎవరో ఏ6000, రెండు లెన్సులు కలిపి అమ్ముతున్నారని, 'పెదనాన్నా, నువ్వొచ్చి చూడు' అని ప్రాణం తీశాడు. పొద్దున గరుడాద్రి ఎక్కాం. వాళ్లమ్మ పెరుగన్నం కట్టిచ్చింది, వాడు రేణిగుంట దాటకముందే తినేశాడు. రైలంతా ఫోనులో ఆ కెమెరా ఫోటోలే చూపిస్తున్నాడు, పెళ్లిచూపులకు పోతున్న వాడి మొహం వేసుకుని. 'కొంటామని ముందే నవ్వకురా, రేటు పెరుగుతుంది' అని చెప్పాను. విన్లేదు. మెట్లెక్కి కొట్లోకి అడుగు పెట్టగానే నవ్వాడు.

ఆ కొట్టాయన కెమెరా తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. పైన ఒక్క గీత లేదు. లోకేశు దాన్ని కంటి దగ్గర పెట్టుకుని నన్నే ఫోటో తీస్తున్నాడు. నేను జేబులోంచి టార్చి తీశాను. కొట్టాయన, 'సార్ డాక్టరా?' అన్నాడు. 'కళ్ల డాక్టర్ని' అన్నాను. 55-210 జూమ్ లెన్సు విప్పి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూస్తే లోపలి గ్లాసు మీద సన్నటి పోగులు. ఫంగస్! సముద్రం పక్కనున్న ఊరు, ఏ బీరువాలోనో ఏళ్ల తరబడి మూసి పెట్టుంటారు. 'దుమ్ము సార్, తుడిస్తే పోతుంది' అంటాడాయన. దుమ్ము చుక్కల్లా ఉంటుంది గానీ కొమ్మలు వేయదు కదా! అది పక్కన పెట్టించాను.

తర్వాత లెన్సుకు మూత పెట్టి, ఇరవై సెకన్ల పాటు చీకటిని ఫోటో తీయించాను. ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు ఉన్నాయేమో స్క్రీన్ మీద పెద్దది చేసి చూడాలి, ఉంటే సెన్సర్‌లో లోపమున్నట్టు. లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, ఎఫ్16లో తెల్ల గోడ ఒకటి తీయించాను, సెన్సర్ మీద మరకలుంటే అందులో బయటపడతాయి. షట్టర్ కౌంటు, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో, అది కూడా చూడమన్నాను, లోకేశు దాన్ని ఫోనులో ఏదో చేసి చెప్పాడు, అదీ పర్వాలేదు. ఫ్లాష్ తగిలించి చూశాం, కార్డు తీసి పెట్టి చూశాం, స్క్రీన్ వంచి చూశాం. అన్నీ బాగున్నాయి. లోకేశు డబ్బులు తీస్తున్నాడు. అప్పుడు బిల్లు అడిగాను. బిల్లు మీద నంబరు ఒకటి, కెమెరా అడుగున నంబరు ఇంకొకటి! 'డబ్బాలు మారిపోయాయి సార్' అని చల్లగా చెప్పాడు. లోకేశు నా వైపు చూస్తాడు, ఎలాగైనా సరే కొందాం అన్నట్టు. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. నేను లేచి చెప్పులేసుకున్నాను. మెట్లు దిగేదాకా వాడు నాతో మాట్లాడలేదు. కింద మజ్జిగ ఇప్పిస్తే తాగాడు గానీ, నా వైపు తిరగలేదు.

సాయంత్రం లోపల ఇంకో చోట దొరికింది. బిల్లు, బాడీ నంబరు ఒకటే. మూల మీద చిన్న సొట్ట ఉందని రేటు తగ్గించారు. సొట్ట ఫోటోలో పడదు. జూమ్ బదులు 50 మిల్లీమీటర్ల ఎఫ్1.8 లెన్సు ఒకటి తీసుకున్నాం. ఆ కెమెరా సెన్సర్ ఫిల్ము కన్నా చిన్నది కాబట్టి 50 వేస్తే 75 లాగా పనిచేస్తుంది, మొహాలకు అంతకన్నా ఏం కావాలి! నీకు పులికాట్ ఫ్లెమింగోలు కావాలంటే మాత్రం అది చాలదు, 200 దాటాలి. నువ్వు ఇప్పుడు ఏం తీస్తున్నావో కూడా నాకు తెలియదు. పెళ్లిళ్లు తీస్తున్నావా? ఆదివారాలు మాత్రమేనా?

ఈసారి మేలో జాతరకు వాడు ఆ కెమెరాతోనే తిరిగాడు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్ల సుద్ద, తోటి వేషం రోజు ఒళ్లంతా బొగ్గు. మా రోజుల్లో ఆ రెండే మమ్మల్ని ఏడిపించేవి. తెలుపును చూస్తే వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ఫోటో నల్లబడేది, నలుపును చూస్తే వెలిసిపోయేది, అది కూడా రీలు కడిగాకే తెలిసేది. లోకేశుకు నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనబడుతుంది. చిన్న చక్రం తిప్పుకుంటాడు, అంతే. తోటి వేషం కట్టిన ఒక చిన్న పిల్లోడి ఫోటో తీశాడు. బొగ్గు పూసిన మొహంలో కళ్లు, పళ్లు, చెంప మీద కారిన చెమట గీత, అన్నీ ఉన్నాయి. 12 బై 18 ప్రింటు వేయించి వాళ్లమ్మ టైలరింగ్ షాపులో పెట్టారు. చూసిన వాళ్లంతా పిల్లోడు ఎవరని అడుగుతున్నారు. ఏ కెమెరా అని ఒక్కరూ అడగలేదు.

సరే. నా మాటేమిటంటే, బాడీ, ఒక మంచి లెన్సు, బ్యాటరీలు, అన్నీ కలిపి నలభై, మహా అయితే యాభై వేలు. అంతకు మించొద్దు. అది కూడా చేతిలో ఉన్న డబ్బుతో. తక్కువ పడితే అడుగు, అమ్మ చీటీ వచ్చే నెల వస్తుంది. లోను ఇప్పటికే తీసుకుని ఉంటే అది ఎన్ని నెలలదో చెప్పు, ముందే కట్టేస్తే ఎంత పడుతుందో బ్యాంకులో అడిగి తెలుసుకో. తీసుకోలేదనే నా నమ్మకం.

నీలం బీరువాలో ఎఫ్ఎం2 లెన్సు ఉంది కదా, ఆ 50. బయటికి తీసి టార్చి వేసి చూశాను, శుభ్రంగా ఉంది. దాన్ని నీకు పంపుతాను. నికాన్ పాత లెన్సుకు, ఫిల్ముకు మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, సోనీలో 18 మాత్రమే. మిగిలిన దూరానికి ఒక ఖాళీ రింగు అడాప్టర్ పెడితే చాలు, అందులో గ్లాసేం ఉండదు కాబట్టి ఎక్కువ ఖర్చూ కాదు. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే ఫోకస్ పడిన అంచులు రంగులో మెరుస్తాయి, లోకేశు చూపించాడు. నాకు కళ్లజోడు లేకుండానే కనబడింది.

బెంగళూరు వానలకు దాన్ని బట్టల మధ్య పెట్టకు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చేశాయని అర్థం, పాత మూకుడులో వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. వంట మూకుడులో చేయకు, అవి మంచివి కావు. కలరా ఉండలు అసలే వేయకు. అమ్మ అదే పార్శిల్‌లో చెనక్కాయల పొడి, ఊరగాయ పెడతానంటోంది. లెన్సుకు నూనె వాసన పడుతుందని వద్దన్నాను. వేరే కవర్లో పెడుతోంది. భోజనం వేళకు తింటున్నావా? పోయినసారి వీడియో కాల్‌లో మెడ ఎముకలు కనబడ్డాయని అమ్మ అంటోంది. వెలుతురు పై నుంచి పడితే అలాగే కనబడుతుందని చెప్పాను.

కొరియర్ వాడు శనివారం వస్తాడు. పోయినసారి నీ ఆఫీసు అడ్రసుకే పంపాం, సెక్యూరిటీ అబ్బాయి తీసి పెట్టాడన్నావు. లెన్సు కాబట్టి పగలు ఎవరో ఒకరు చేతికి తీసుకునే చోటికే పంపాలి. ఇప్పుడు కూడా అదే అడ్రసు రాయమంటావా, రూముది రాయమంటావా? శుక్రవారం లోపల ఒక్క మెసేజి పెట్టు చాలు, ఆఫీసు అనో, రూము అనో.

నాన్న