రామాలయం మైకు సెట్టు: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అందరికీ కమిటీ తరఫున నమస్కారం.

జమ: ఊళ్లో 142 ఇళ్ల నుంచి రూ.1,86,500. హైదరాబాద్‌లోనూ బయటి దేశాల్లోనూ ఉన్న మనవాళ్లు పంపినది రూ.60,000. పాత ఆంప్లిఫయరు, హారన్లు అమ్మగా వచ్చినది రూ.8,500. మొత్తం రూ.2,55,000.

ఖర్చులో పెద్దది స్పీకర్లు. 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయరు లోపలే ఉండేవి) రెండు రూ.84,000, పాడేవాళ్లకు వినపడేందుకు వేదిక మీద మానిటరు ఒకటి రూ.24,000. డీజే బాక్సులు ఎందుకు తేలేదని కొందరు అడిగారు. మన మండపం 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, పైన రేకులు. మోత పెంచేకొద్దీ రేకులకు కొట్టుకుని హరికథలో ఒక మాట మీద ఇంకో మాట పడిపోతుంది. చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు మాట స్పష్టంగా తెలియాలి, మనకు కావలసింది అదే.

పాటకు షూర్ ఎస్‌ఎం58 మైకులు నాలుగు (రూ.36,800), మృదంగానికి చెరో వైపు ఎస్‌ఎం57లు రెండు (రూ.18,000). కండెన్సర్ మైకు (చిన్న శబ్దాన్నీ పట్టే రకం) గొంతుతో పాటు ఫ్యాను గాలినీ రోడ్డు మీది ఆటోనూ పట్టేస్తుంది కనుక వద్దనుకున్నాం. ఎస్‌ఎం58కి నకిలీలు ఎక్కువ. కంపెనీ చెప్పే తూకం 298 గ్రాములు. నాలుగింటినీ కాటా మీద పెట్టి చూశాం. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, అందుకే డీలరు దగ్గరే కొని జీఎస్టీ బిల్లు తీసుకున్నాం.

మైకులన్నిటి శబ్దాన్నీ కలిపి స్పీకర్లకు పంపే మిక్సరు యమహా ఎంజీ12ఎక్స్‌యూ, రూ.34,500. దీనికి మైకు ఇన్‌పుట్లు ఆరు, మన మైకులూ ఆరే. రికార్డింగు యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది, పెన్‌డ్రైవ్ పెడితే ఎక్కదు. మిక్సరు మీది ఎర్ర లైటు వెలగకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే నాబ్) తగ్గించి ఉంచండి. తక్కువగా పడిన గొంతును తర్వాత పెంచుకోవచ్చు, చిట్లిన గొంతును ఎవరూ బాగుచెయ్యలేరు.

ఎర్తింగుకు రూ.7,500 ఎందుకంటే, మిక్సరు ఒక ప్లగ్గులో, స్పీకర్లు ఇంకో ప్లగ్గులో పెడితే బుయ్‌మని హమ్ వచ్చేది. అది పోవడానికి కొన్నిచోట్ల మూడో పిన్ను విరగ్గొడతారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు, మైకు పట్టుకున్న మనిషికి షాకు కొట్టే ప్రమాదం ఉంది. కొత్త ఎర్తు గుంత తీయించి, అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇచ్చాం.

మైకులను మిక్సరుకు కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు ఆరు రూ.6,600, స్టాండ్లు రూ.13,600, రవాణా రూ.2,200. కేబుళ్లను మోచేతికి బిగించి చుట్టకండి, లోపలి తీగ తెగుతుంది.

మొత్తం ఖర్చు రూ.2,27,200. నిల్వ రూ.27,800 బ్యాంకులో ఉంది. ఇది రిపేర్లకు మాత్రమే. బిల్లులు, రశీదు పుస్తకాలు గుడి గదిలో ఉన్నాయి, సాయంత్రం 6 నుంచి 8 దాకా ఎవరైనా వచ్చి చూడవచ్చు.