తిన్న అన్నం బలంగా ఎలా మారుతుంది?

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయి ప్రశ్న నాకు భలే నచ్చిందిరా. అన్నం కడుపులో అరిగితే కాలు ఎలా కదులుతుందని! ఈ విషయం ఎత్తితే నేను ఆగనని నీకు తెలుసు, తీరిగ్గా కూర్చుని చదువు.

అన్నంలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా విడిపోయి రక్తంలో కలుస్తుంది. కానీ కండరం గ్లూకోజ్‌ను నేరుగా వాడుకోలేదు. దానికి ఏటీపీ అనే అణువు కావాలి, కణాల్లో శక్తిని మోసుకెళ్లేది అదే. కణంలోకి వెళ్లిన గ్లూకోజ్ ముందు రెండు ముక్కలవుతుంది. అప్పటికి మిగిలేవి రెండే ఏటీపీలు. ఆ ముక్కలు కణంలో శక్తి తయారీ కేంద్రాల్లాంటి మైటోకాండ్రియాలోకి చేరాకే అసలు పని. వాటిలోని కార్బన్ మనం వదిలే ఊపిరిలో బయటికి పోతుంది. ఎలక్ట్రాన్లు మాత్రం లోపలి పొరలోని ప్రొటీన్ల మధ్య చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి, నీళ్లు తయారవుతాయి. మనం పీల్చే ఆక్సిజన్ చాలావరకు ఖర్చయ్యేది ఇక్కడే. సైనైడ్ ప్రాణం తీసేదీ ఇక్కడ అడ్డుపడే.

ఆ ఎలక్ట్రాన్ల ప్రయాణంలో వెలువడే శక్తితో ఆ ప్రొటీన్లు ప్రోటాన్లను, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్ కణాలను, పొరకు అవతలి పక్కకు తోడేస్తాయి. శ్రీశైలం డ్యాంలో నీళ్లలా అవి అక్కడ పోగుపడి, తిరిగి వచ్చే దారిలో ఒక ఎంజైమును తిప్పుతాయి. ఏటీపీని తయారుచేసేది అదే. ఊరికే అనడం కాదురా, నిజంగానే తిరుగుతుంది! 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైములో ఒక భాగానికి మెరిసే పోగు అతికించి, అది గిరగిరా తిరగడం మైక్రోస్కోపులో చూశారు. 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ ప్రోటాన్ల సంగతి చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ ఇచ్చారు.

ఇక అమ్మాయికి తప్పకుండా చెప్పాల్సిన మాట. ఏటీపీని కనిపెట్టినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తర్వాత బోస్టన్ వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి రూపొందించారు. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా వస్తుంది. కండరం నుంచి తీసిన రసంలో మాత్రం ఆ నీలం ఆలస్యంగా తేలింది. ఎందుకు ఆలస్యమైందని పట్టు వదలకుండా వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫరస్ పదార్థం బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అప్పటిదాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ నమ్మకం కూలిపోయింది. ఈ పాఠం చెప్పేటప్పుడు సుబ్బారావుగారి పేరు రాకపోతే నాకు మనసొప్పదు.

అమ్మాయి వంద మీటర్ల పందెంలో పరిగెడుతోందని రాశావుగా. మొదటి కొన్ని సెకన్లలో ఖర్చయిన ఏటీపీని చప్పున తిరిగి నింపేది ఆ ఫాస్ఫోక్రియాటినే. కొవ్వు ఎలా కరిగి శక్తి అవుతుందో వచ్చే ఉత్తరంలో రాస్తాను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
శ్రీను