మా గేమ్ చివరిదాకా నడిచింది, సాయం చేసిన మీ అందరికీ థాంక్స్

"మా గేమ్ ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా నడుస్తోంది, ఎల్లుండే డెమో, ఎవరైనా కాస్త చూడగలరా" అని పోయిన వారం పెట్టిన పోస్ట్ నాదే. డెమో అయిపోయింది. మొదటి లెవెల్ నుంచి ఆఖరి దాకా గేమ్ ఎక్కడా ఆగలేదు. ఆ రోజు టెన్షన్‌లో మేమెవరమో ఒక్క ముక్క కూడా చెప్పకుండా సాయం అడిగేశాను, అయినా ఇంతమంది ముందుకొచ్చారు కాబట్టి మీరు ఎవరికి సాయం చేశారో ఇప్పుడైనా చెప్పాలి.

మేం ఐదుగురం, అందరం స్టూడెంట్లమే. పేర్లు ఇక్కడ వద్దన్నారు, గేమ్ చివర క్రెడిట్స్‌లో ఉన్నాయి.

కోడ్ మొత్తం మా ప్రోగ్రామర్ గొడోట్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక్కతే రాసింది. తన ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ సెకనుకి 60 ఫ్రేములు (స్క్రీన్ మీద వరసగా మారే బొమ్మలు) వచ్చేవి కాబట్టి నెలల తరబడి తేడా ఎవరికీ కనపడలేదు. సెకనుకి 144 ఫ్రేములు చూపించే 144 హెర్ట్జ్ మానిటర్‌కి పెట్టగానే హీరో గోడలు దాటి దూసుకుపోయాడు, పాత ల్యాప్‌టాప్‌లో 30 ఫ్రేములే వస్తుంటే నీళ్లలో నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ కదిలాడు. పాపం ఆ రాత్రి తను గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ ఒకటొకటిగా మార్చి చూస్తూ కూర్చుంది. అప్పుడే కాల్‌లోకి వచ్చిన అన్న (ఆయన ఉద్యోగంగా గేములు చేస్తారట) కోడ్ పంపమని అడగలేదు, సరిచేసి ఇస్తాననీ అనలేదు, ఒక్కటే అడిగారు: "అమ్మా, ఈ 5 అనేది ఫ్రేముకా, సెకనుకా?" అంతే, తనకి వెలిగింది. ఫ్రేముకి 5 పిక్సెళ్లు జరపమని రాసి ఉంది, అంటే 60 ఫ్రేములకి సెకనుకి 300 పిక్సెళ్లు, 144కి 720, 30కి 150. వేగాన్ని సెకను లెక్కన రాసి డెల్టాతో (ముందు ఫ్రేము నుంచి గడిచిన సమయం) గుణించి, గోడలకి తగలడం, గెంతడం లాంటివన్నీ ఏ కంప్యూటర్‌లో అయినా సెకనుకి అన్నేసార్లే నడిచే ఫిజిక్స్ ఫంక్షన్‌లోకి మార్చేదాకా అన్న రాత్రి రెండింటి వరకు లైన్‌లోనే ఉన్నారు. తను రాస్తుంటే ఆయన చూస్తూ ఉన్నారు, తప్పు చేసిన చోట కూడా తనే పట్టుకునేదాకా ఆగారు. నాకు అన్నిటికంటే అదే పెద్ద సాయం అనిపించింది.

బొమ్మలన్నీ మా ఆర్టిస్ట్ పిక్సెల్ పిక్సెల్‌గా వేసినవి. ఎర్ర తాళంచెవికి ఎర్ర తలుపు, ఆకుపచ్చ తాళంచెవికి ఆకుపచ్చ తలుపు. టెస్ట్ చేసిన ఒక తమ్ముడు "రెండూ నాకు ఒకేలా కనపడుతున్నాయి అక్కా" అని రాశాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, చాలామందే ఉంటారు, మాకు మాత్రం ఆ ఆలోచనే రాలేదు. తను ఆ రాత్రే కూర్చుని ఒకదాని మీద చుక్క, ఇంకోదాని మీద చంద్రవంక గీసింది. తమ్ముడూ, మొహమాటపడకుండా చెప్పినందుకు నీకు ప్రత్యేకంగా థాంక్స్.

లెవెల్స్ చేసేవాడు పెద్దగా మాట్లాడడు, ఆడేవాళ్ల వెనక నిలబడి ఎక్కడ పడిపోతున్నారో రాసుకుంటాడు. అంచు దగ్గర అందరూ "నొక్కాను, ఎగరలేదు" అంటున్నారని నేను పోస్ట్‌లో రాస్తే, కొయోటీ టైమ్ పెట్టమని ముగ్గురు చెప్పారు. అంటే అంచు దాటాక కూడా కాసేపు గెంతనివ్వడం. మేం 0.1 సెకను ఇచ్చాం, 60 ఫ్రేముల లెక్కన ఆరు ఫ్రేములు. కంటికి తెలియదు, కానీ ఆ ఫిర్యాదు మళ్లీ వినపడలేదు.

సౌండ్ చూసేవాడు అడుగుల చప్పుడు నుంచి మ్యూజిక్ దాకా అన్నీ సొంతంగా రికార్డ్ చేశాడు.

ఐదోదాన్ని నేను, బిల్డులు (ఆడటానికి సిద్ధంగా ఉండే గేమ్ కాపీలు), గిట్ (కోడ్‌లో మార్పులన్నీ దాచిపెట్టే టూల్) నా పని. మ్యూజిక్ ఫైల్ ఒకటి 100 ఎంబీ దాటడంతో గిట్‌హబ్ (ఆ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే సైట్) తీసుకోలేదు, ఫైల్ డిలీట్ చేసినా పాత కమిట్‌లో (అంతకుముందు గిట్‌లో దాచిన మార్పులో) ఉండిపోయి మళ్లీ మళ్లీ అదే ఎర్రర్. హిస్టరీలోంచి తీసేసి ఎల్‌ఎఫ్‌ఎస్‌లో (పెద్ద ఫైళ్లని విడిగా ఉంచే గిట్ పద్ధతి) పెట్టడం ఓపిగ్గా చెప్పిన అక్కా, మీరు పంపిన ఆ నాలుగు కమాండ్లు ఇప్పుడు మా రీడ్‌మీలో (ప్రాజెక్ట్ వివరాలు రాసుకునే ఫైల్) ఉన్నాయి.

అన్నా, క్రెడిట్స్‌లో మీ పేరు వద్దన్నారు, సరే. కానీ ఆ కదలిక ఫంక్షన్ పైన మా ప్రోగ్రామర్ ఒక కామెంట్ రాసుకుంది: "ఫ్రేముకా, సెకనుకా?"