మా జనరేటర్ కంట్రోలర్‌ను బతికించిన నలుగురికీ కృతజ్ఞతలు

ఉండి, ఆకివీడు మధ్య మా రొయ్యల చెరువుల మీద ఉన్న 62.5 కేవీఏ జనరేటర్ కరెంటు పోగానే మళ్లీ తనంతట తాను స్టార్టవుతోంది. దాన్ని అలా స్టార్టు చేసే ఎలక్ట్రానిక్ పెట్టెను కంట్రోలర్ అంటారు, బోర్డు అని కూడా అంటాం. అందుకు కారకులైన నలుగురికీ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారిలో ఇద్దరు గట్టిగా చెప్పారు. ఇద్దరివి రాసి ఇద్దరివి మానేస్తే బాగుండదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో మా చుట్టుపక్కల చెరువుల వాళ్లందరికీ తెలుసు. పనిలో పనిగా వారు ఏం చేశారో కూడా వివరంగా చెబుతాను. ‘బోర్డు పోయింది, కొత్తది వేయాలి’ అన్న మాట విని జేబు తడుముకుంటున్న వారికి ఎవరికైనా అక్కరకొస్తుంది.

చెరువుల సంగతి తెలియని వారి కోసం ఒక మాట. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. మన దేశంలో వనామీ రకం రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చాక చెరువులో పిల్ల ఒత్తుగా వదలడం అలవాటైంది. ఒత్తు పెరిగిన కొద్దీ, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య తట్టుకునే సమయం తగ్గుతూ వచ్చింది. డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే కంటి మీద కునుకు పడుతుంది. 3 కంటే దిగితే రొయ్య మేత ముట్టదు. ఇంకా దిగితే పైకి తేలుతుంది. ఆ పైన ఏం జరుగుతుందో రాయాలని కూడా లేదు.

ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు కంట్రోలర్ తనంతట తాను స్టార్టు చేసే ఆటో పద్ధతిలోనే ఉంది. సెల్ఫు, అంటే ఇంజన్‌ను తిప్పే స్టార్టరు మోటారు, బరువుగా తిరిగింది. ఇంజన్ ఇంకా అందుకోకముందే కంట్రోలర్ తెర ఆరిపోయింది. మరుక్షణం కంపెనీ బొమ్మతో మళ్లీ తెరుచుకుని, స్టాపు దీపం వెలిగించుకుని కూర్చుంది. ఆటో బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చేత్తో స్టార్టు చేసే మాన్యువల్‌లో పెట్టి స్టార్టు నొక్కితే మళ్లీ అదే కథ. తెర మీద అక్షరాలు కూడా సరిగా కనిపించడం లేదు. సప్లై, బటన్లు, తెర మూడూ ఒకేసారి చెడిపోయినట్టు కనిపిస్తే ఎవరైనా కంట్రోలర్ కాలిపోయిందనే అనుకుంటారు.

మొదటి నమస్కారం మా తూర్పు గట్టు అవతల సాగు చేసే అన్నయ్యకు. మా ఏరియేటర్ల చప్పుడు ఆగిపోయిందని గమనించి, నేను ఫోను చేసేలోపే ట్రాక్టర్‌కు తగిలించే జనరేటర్‌తో వచ్చేశారు. అది చిన్నది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది కాబట్టి ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా వేయనీయలేదు. ఒకటి వేసి, అది వేగం అందుకున్నాక మరొకటి వేస్తూ, ఎక్కువ పిల్ల ఉన్న చెరువుకు ముందు ఇస్తూ తెల్లారేదాకా అక్కడే ఉన్నారు. ఈలోపు మా కుర్రాళ్లు మిగతా చెరువుల్లో ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లారు. డీజిల్ డబ్బులు ఇవ్వబోతే అన్నయ్య నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించలేను.

తెల్లారాక సర్వీసు వారికి ఫోను చేశాను. అవతలి వ్యక్తి నా మాట సగం విని, కంట్రోలర్ పోయిందని, కొత్తది తెప్పించాలని తేల్చేశాడు. కొత్తది బిగించగానే పనిచేయదు. ఇంజన్ చక్రం (ఫ్లైవీలు) పళ్ల లెక్క, కరెంటు కొలిచే సీటీల నిష్పత్తి, మెయిన్స్ (లైను కరెంటు) పోయాక ఎంతసేపు ఆగి స్టార్టు చేయాలన్న గడువు వంటివన్నీ అందులో మళ్లీ పెట్టాలి. అంటే డబ్బుతో పాటు రోజులు. చెరువులో రొయ్య ఉండగా రోజులు ఎక్కడి నుంచి తేవాలి?

అప్పుడు అన్నయ్యే రైల్వే బాబాయి గారి పేరెత్తారు. రెండో నమస్కారం ఆయనకు. నిజానికి మొదటిదీ చివరిదీ కూడా ఆయనకే చెందాలి. విశాఖ డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. 2600 గుర్రాల శక్తి గల డబ్ల్యూడీఎం-2 ఇంజన్లను, వాటి 72 వోల్టుల బ్యాటరీలను ఏళ్ల తరబడి చూసినవారికి మా 12 వోల్టుల బ్యాటరీ ఒక ఆటవస్తువు. వచ్చారు, కాఫీ వద్దన్నారు. ప్యానెల్ తలుపు తీయకుండానే ఒక ప్రశ్న వేశారు. ‘అసలు ఏమీ వెలగడం లేదా, వెలిగి ఆరుతోందా, వెలిగే ఉండి మాట వినడం లేదా?’

నేను మూడూ అన్నాను. ‘అయితే మూడు జబ్బులు. మొదటిది పట్టుకుందాం, మిగతావి ఎన్ని మిగులుతాయో చూద్దాం’ అన్నారు.

ఆ తరువాత ఆయన చేసిన పని నేను పక్కన నిలబడి చూశాను. ముందు జనరేటర్ అవుట్‌పుట్ బ్రేకర్ దించారు. ఇంజన్ అందుకోకుండా, డీజిల్‌ను వదిలే కరెంటు వాల్వు (సోలెనాయిడ్) వైరు విప్పారు. ఫ్యాను, బెల్టుల దగ్గర ఎవరూ ఉండవద్దని అరిచారు. మీటరు పెడితే ఖాళీగా ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, కంట్రోలర్ వెనుక టెర్మినళ్ల దగ్గర 12.4. చూడటానికి వంక పెట్టేదేమీ లేదు. చాలామంది ఇక్కడే మీటరు సంచిలో పెట్టుకుని, సప్లై బాగుంది కాబట్టి బోర్డే పోయిందని తీర్పు ఇస్తారు. బాబాయి గారు మాత్రం మాన్యువల్‌లో పెట్టి నన్ను స్టార్టు నొక్కమని, సెల్ఫు తిరుగుతున్నంతసేపు మీటరు చూస్తూ ఉన్నారు. బ్యాటరీ కొమ్ముల మీద 10.9. అది పరవాలేదు, బ్యాటరీలో దమ్ము ఉంది. కంట్రోలర్ టెర్మినళ్ల మీద 7.5. తెర టప్పున ఆరింది. మా కంట్రోలర్ పుస్తకంలో 8 నుంచి 35 వోల్టుల మధ్య పనిచేస్తుందని రాసి ఉంది. 8 కంటే దిగితే అది తప్పుగా ప్రవర్తించడం కాదు, చెప్పినట్టే ఆగిపోవడం.

మరి మధ్యలో 3.4 వోల్టులు ఎవరు తిన్నారు? మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజన్ బాడీ మీద పెట్టి మళ్లీ సెల్ఫు తిప్పించారు. 2.4 వోల్టులు అక్కడే పోతున్నాయి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ తీగ బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా ఉంది. కంట్రోలర్ మైనస్ కూడా ఆ బాడీ నుంచే తీసుకున్నారు. సెల్ఫు వందల ఆంపియర్లు లాగినప్పుడు ఆ తుప్పు అడ్డుపడుతోంది. సెల్ఫు బరువుగా తిరగడానికి కూడా అదే కారణం. కరెంటు పారనప్పుడు అదే తుప్పు మీటరుకు కనిపించదు.

నేనైతే సంతోషించి పానా అందుకున్నాను. ఆయన ఆపారు. లెక్క ఇంకా తేలలేదు, మరో వోల్టు మిగిలింది. కారు ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి జేబులో తెచ్చుకున్నారు. కంట్రోలర్ సప్లై వైర్లు విప్పి, వాటికి ఆ బల్బు తగిలించారు. బల్బు దాదాపు పావు తక్కువ రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. ఖాళీగా 12.4 చూపించిన వైర్లు బల్బు పడగానే 10.2కు జారాయి. ప్లస్ వైరులోని ఫ్యూజు హోల్డర్ తెరిస్తే లోపలి రేకులు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. ఫ్యూజు మాత్రం బంగారంలా ఉంది. మా ఉప్పుగాలికి ఇది కొత్తేమీ కాదట. ఫ్యూజు చూస్తారు కానీ అది కూర్చున్న పీటను ఎవరూ చూడరని బాబాయి గారు విసుక్కున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఈ లెక్కే. ఎర్త్ తుప్పు ఒక్కటే ఉంటే కంట్రోలర్‌కు 8.5 అందేది. ఫ్యూజు హోల్డర్ ఒక్కటే చెడి ఉంటే 9.9 అందేది. రెండు సందర్భాల్లోనూ జనరేటర్ స్టార్టయ్యేదే. రెండూ కలిశాకే కొంప మునిగింది. అంటే ఆ రోజు ఒక్కటి బాగుచేసి వదిలేసినా స్టార్టయ్యేది, అందరం చప్పట్లు కొట్టేవాళ్లం, బ్యాటరీ కాస్త పాతబడగానే మరో రాత్రి మళ్లీ ఆగేది.

మూడో నమస్కారం ఆకివీడులో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే తమ్ముడికి. ఆదివారం, కొట్టు మూసి ఉంది. అయినా వచ్చి తెరిచి, లావుపాటి కొత్త ఎర్త్ తీగకు రెండు వైపులా లగ్గులు (తీగ కొసకు వేసే లోహపు తొడుగులు) ప్రెస్సు చేసి ఇచ్చాడు. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు పనికిరాదని బాబాయి గారు ముందే హెచ్చరించారు. బోల్టు కింద పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి బిగించాం, పైన గ్రీజు రాశాం. కంట్రోలర్ మైనస్‌ను బాడీ నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ కొమ్ము నుంచి తెచ్చాం. మూత గట్టిగా పడే కొత్త ఫ్యూజు హోల్డర్ వేశాం. తరువాతి కాలంలో ఎవరో తగిలించిన అదనపు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కాయిల్‌కు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ లేదని బాబాయి గారు కనిపెట్టి, రెండు మూడు రూపాయల వన్ ఎన్ 4007 డయోడ్ ఒకటి అతికించమన్నారు. కాయిల్ ఆఫ్ అయినప్పుడు ఎగిరే వోల్టేజీ కంట్రోలర్‌ను తికమక పెట్టకుండా అది అడ్డుకుంటుంది. సెల్ఫు ఈసారి చురుగ్గా తిరిగింది, తెర ఆరలేదు, ఇంజన్ అందుకుంది. కొత్త సామానుకు అయిన ఖర్చు వందల్లోనే తేలింది.

తెర సంగతి సగం దానంతట అదే తేలింది. ఇక్కడ నాలుగో నమస్కారం మా ఊరి అమ్మాయికి. బెంగళూరులో జనరేటర్ ప్యానెళ్లు తయారు చేసే చోట ఇంజనీరు. వాళ్ల నాన్నగారు నంబరు ఇస్తే మొహమాటపడుతూ ఫోను చేశాను. వీడియోలో చూపించమంది. ‘టార్చి ఏటవాలుగా తెర మీద వేయండి బాబాయ్, అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయా?’ అని నన్ను అడిగింది. కనిపించాయి. అయితే తెర బతికే ఉంది, వెనుక దీపం మాత్రమే వెలగడం లేదని చెప్పింది. సప్లై సరిచేశాక ఆ దీపం తిరిగి వచ్చింది. కానీ మధ్యాహ్నానికి తెర నల్లబడేది, సాయంత్రానికి మామూలయ్యేది. మా ప్యానెల్ అద్దం పడమటి ఎండకు ఎదురుగా ఉంది. ఎల్‌సీడీ తెర బాగా వేడెక్కితే మొత్తం నల్లబడుతుందని, చల్లారితే కోలుకుంటుందని, ఏళ్ల తరబడి ఎండలోనే ఉంచితే మాత్రం కోలుకోదని ఆ అమ్మాయి చెప్పింది. కాంట్రాస్టు కొద్దిగా తగ్గించి, పైన రేకుతో చిన్న చూరు దించాం. అంతే.

బటన్ మాత్రం నిజంగానే చెడింది. ఆటో బటన్ మీది ప్లాస్టిక్ పొరకు చిన్న చిల్లు ఉంది, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచిన గుర్తులా ఉంది. తడి చేతులతో నొక్కీ నొక్కీ లోపలికి చెమ్మ దిగింది. ఆ పొర కింద ఉండే రేకు బుడిపెను విడిగా మార్చడం కుదరదు, ముందు భాగమంతా మార్చాలి. కొత్త కంట్రోలర్ కొనక తప్పదేమో అనుకుంటుండగా ఆ అమ్మాయి ఒక దారి చెప్పింది. కంట్రోలర్ వెనుక మనకు కావలసిన పని అప్పగించుకునే ఇన్‌పుట్ టెర్మినళ్లు ఉంటాయి. మాకు ఒకటి ఖాళీగా ఉంది. లాప్‌టాప్ తగిలించి, ఆ టెర్మినల్‌కు మైనస్ అందితే ఆటో బటన్ నొక్కినట్టే లెక్క అని అందులో పెట్టాం. ప్యానెల్ తలుపు మీద గట్టి పుష్ బటన్ ఒకటి బిగించి దాని వైరు అక్కడికి ఇచ్చాం. మార్చే ముందు పాత సెట్టింగులు లాప్‌టాప్‌లో దాచుకోమని మరీ మరీ చెప్పింది. మరో మార్పు కూడా చేయించింది. సప్లై పోయి వచ్చినప్పుడు కంట్రోలర్ స్టాపులో లేచేలా ఉండేది, దాన్ని ఆటోలో లేచేలా మార్చాం. అయితే ఇలా మార్చాక ప్యానెల్ తెరిచేవారు ముందు బ్యాటరీ తీగ విప్పి తీరాలి, ఇంజన్ ఎప్పుడు లేస్తుందో చెప్పలేం అని హెచ్చరించింది. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి తలుపు మీద అంటించాం. ఎర్ర పుట్టగొడుగులా ఉండే ఎమర్జెన్సీ స్టాపు జోలికి మాత్రం ఎవరూ వెళ్లవద్దని, దాని వైర్లు దాటవేసి తాత్కాలికంగా నడిపే అలవాటు మన వైపు ఎక్కువని కూడా అంది. అది నిజమే.

ఇప్పుడు మెయిన్స్ స్విచ్చు (ఎంసీబీ) దించి పరీక్షిస్తే తొలి ప్రయత్నంలోనే ఇంజన్ అందుకుంటోంది. ఏరియేటర్లు ఒకదాని వెనుక ఒకటి వేసుకుంటున్నాం.

అన్నయ్యకు, బాబాయి గారికి, ఆకివీడు తమ్ముడికి, బెంగళూరు అమ్మాయికి మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. డబ్బు ప్రస్తావన తెస్తే నలుగురూ కోప్పడ్డారు కాబట్టి ఆ మాట ఎత్తను. రొయ్యలు పట్టే పట్టుబడి రోజున నాలుగు ఇళ్లకూ మొదటి వలలోని రొయ్యలు వస్తాయి, కాదనకండి. అమ్మాయి వాటా వాళ్ల నాన్నగారికి అందుతుంది, పచ్చడి చేసి బెంగళూరు పంపుతారో తామే తింటారో ఇంటి గొడవ.

బాబాయి గారు చేసినట్టే 21 వాట్ల బల్బుతో ఒకటి నేనూ తయారు చేసి చెరువు మీద షెడ్డులో పెట్టాను. చుట్టుపక్కల ఎవరికి కావలసినా తీసుకువెళ్లవచ్చు. బాబాయి గారికి ఫోను చేయాలనుకునే వారు మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చేయవద్దు. అది ఆయన నిద్రపోయే వేళ. ఇది రాయమని ఆయనే చెప్పారు.